ఇల్లు అద్దెకిస్తున్నారా? తాళాలు చేతికిచ్చే ముందే తేల్చుకోవాల్సినవి

ఒకటో రెండో ఇళ్లు అద్దెకిచ్చి, వాటిని తామే చూసుకునే వాళ్ల కోసం రాస్తున్నానిది. పదిహేను ఫ్లాట్లు, ఒక మేనేజరు ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఒక ఫ్లాట్ మూడు నెలలు ఖాళీగా ఉన్నా మిగతా పద్నాలుగు మోస్తాయి. మనకున్నది ఒక్కటే అయితే, అది ఖాళీగా ఉన్న నెల ఆదాయం సున్నా, ఖర్చు మాత్రం మామూలే.

ఓనరుకీ అద్దెకున్నవాళ్లకీ మధ్య గొడవలు వాళ్లు దిగిన ఆరు నెలలకో ఏడాదికో బయటపడతాయి. కానీ తవ్వి చూస్తే చాలావాటి మొదలు తాళాలు ఇవ్వకముందే ఉంటుంది. లెక్క వేసుకోకుండా కొనడం, గోడ సరిగా చూడకుండా రంగు వేసేయడం, తొందరలో ఎవరికో ఒకరికి ఇచ్చేయడం. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు ఆ ముందు పనుల గురించే.

1. కొనకముందే కాగితం మీద లెక్క వేయండి

ఇంటి ధర 1000 అనుకుందాం. ఏ డబ్బయినా సరే, మనకు కావాల్సింది నిష్పత్తి. నెల అద్దె 5. ఏడాదికి 60, అంటే ధర మీద 6 శాతం. అమ్మేవాళ్లు ఈ అంకె చెప్పి ఊరుకుంటారు. మీరు ఇంకాస్త ముందుకెళ్లండి.

ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుని 5 తీసేయండి. రిపేర్లకు ఇంటి ధరలో ఏడాదికి 1 శాతం పక్కన పెట్టడం పాత అలవాటు, అది 10. ఇంటి పన్ను, బీమా, మెయింటెనెన్స్ కలిపి ఇంకో 5. అరవైలో మిగిలింది 40. రిజిస్ట్రేషన్, కమీషన్, మొదటి రంగులు, చిల్లర పనులకు ఇంకో 80 అయ్యాయనుకుంటే మీ చేతి నుంచి వెళ్లింది మొత్తం 1080. దాని మీద 40 అంటే 3.7 శాతం. ఆరు అన్నది నాలుగు కూడా కాలేదు.

ఇప్పుడు అప్పు సంగతి. ఆ 1000లో 600 బ్యాంకు దగ్గర 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకున్నారనుకోండి. ఈఎంఐ నెలకు 5.4 పడుతుంది, ఏడాదికి దాదాపు 65. ఖర్చులు పోగా ఇల్లు ఇచ్చేది 40. ఏటా 25 మీ జీతంలోంచి పోవాలి. పైగా మొదటి ఏడాది కట్టే 65లో అసలుకు జమయ్యేది 11 మాత్రమే, మిగతాదంతా వడ్డీ. 'అద్దె వస్తుంది, అదే ఈఎంఐ కట్టుకుంటుంది' అనే మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఆ మాట అనేవాళ్లలో ఈ కూడికలు తీసివేతలు చేసినవాళ్లు తక్కువ.

ఇదే లెక్కను తిరగేయండి. ఏడాదికి 40 చేతికొచ్చే ఇల్లు, అదే వడ్డీకి, అదే 20 ఏళ్లకు ఎంత అప్పు మోయగలదు? సుమారు 370. బ్యాంకు 800 ఇస్తానన్నా ఇంటి బలం అంతే. అంతకు మించి తీసుకుంటే తప్పని కాదు. ధర పెరుగుతుందన్న నమ్మకం మీద నెలనెలా చేతి డబ్బు పెడుతున్నారని మాత్రం తెలిసి తీసుకోండి. జీతం ఆగిపోయిన నెల ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తారో కూడా ముందే అనుకోండి. ఇంటి ఖర్చులకు ఆరు నెలలకు సరిపడా విడిగా ఉంచుకోలేని పరిస్థితిలో రెండో ఇల్లు కొనొద్దని నా సలహా.

2. అద్దె ఎంత చెప్పాలి

చుట్టుపక్కల అలాంటి ఇళ్లకు ఎంత అడుగుతున్నారన్నది ఎవరైనా చెబుతారు. ఎంతకు ఒప్పుకుని దిగుతున్నారన్నది తెలుసుకోండి. బోర్డు పెట్టి రెండు నెలలైనా ఖాళీగా ఉన్న ఇంటి అద్దె మీకు కొలమానం కాదు.

ఐదు శాతం ఎక్కువ వస్తుందని నెల రోజులు ఇల్లు ఖాళీగా ఉంచారనుకోండి. పోయింది ఒక నెల అద్దె. నెలకు ఐదు శాతం చొప్పున అది తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. పది శాతం ఎక్కువ దొరికినా 10 నెలలు. ఈలోపు వాళ్లు ఖాళీ చేస్తే నష్టమే. కాబట్టి చూడ్డానికి వచ్చిన మంచి మనిషి కొంచెం తగ్గించమని అడిగితే, వెంటనే కాదనకుండా ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి.

3. ఇల్లు పరీక్ష చేయండి, రంగు తర్వాత

చాలామంది పాత వాళ్లు వెళ్లగానే పెయింటర్‌ను పిలుస్తారు. ముందు పిలవాల్సింది ప్లంబర్‌ని. అసలు అతన్ని పిలవకముందే మీరు సొంతంగా చేయగలిగిన పరీక్షలు నాలుగున్నాయి, ఖర్చు దాదాపు ఏమీ లేదు.

మొదటిది మీటర్ పరీక్ష. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి. రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో కారుతోందన్నమాట. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది. నాలుగు చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా 20 లీటర్ల పైనే.

రెండోది ఫ్లష్ ట్యాంక్. మూత తీసి లోపల నీళ్లలో కొంచెం ఫుడ్ కలర్ కలపండి. పావుగంట ఎవరూ ఫ్లష్ చేయకూడదు. తర్వాత కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు వాల్వ్ పట్టడం లేదు. చాలా చవకైన రబ్బరు ముక్క అది. చప్పుడు లేకుండా కారుతుంది కాబట్టి నీళ్ల బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు, వచ్చాక మాత్రం తప్పెవరిదని వాదన.

మూడోది పైఅంతస్తు బాత్రూమ్‌లకు. నీళ్లు పోయే రంధ్రం గట్టిగా మూసి, నేల మీద రెండంగుళాల లోతుకు మించకుండా నీళ్లు నింపి 24 గంటలు వదిలేయండి. గడప దాటి నీళ్లు రాకుండా చూసుకోండి. మరుసటి రోజు కింది ఇంటి పైకప్పు చూసి రండి. తడి మచ్చ కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ పోయింది. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆ పని వారంలో తెమిలిపోతుంది. మనుషులు దిగాక చేయించాలంటే వాళ్లకు స్నానానికి వేరే దారి చూపించాలి.

నాలుగోది చెమ్మ పరీక్ష. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక నేను డబ్బు పోగొట్టుకున్నాను.

నా మొదటి అద్దె ఇంట్లో పడకగది మూల నల్లగా బూజు పట్టింది. అద్దెకున్నాయన ఫోన్ చేస్తే, 'బట్టలు లోపల ఆరేస్తున్నారు, కిటికీ తీయరు, అందుకే' అన్నాను. ఆయన గోడలోంచి నీళ్లొస్తున్నాయన్నారు. ఇద్దరం మర్యాదగానే రెండు నెలలు వాదించుకున్నాం. చివరికి ఒక మేస్త్రీ చెప్పిన పద్ధతి చేసి చూశాను. గోడ మీద తడి తుడిచి, పుస్తకం అట్టంత అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించాలి. ఒకటి రెండు రోజులు ఉంచి తీయాలి. ఫాయిల్‌కు గది వైపున నీటి బొట్లు ఉంటే గాలిలోని తేమ చల్లటి గోడ మీద పడుతోందని అర్థం. దానికి మందు గాలి, వెలుతురు, ఎగ్జాస్ట్ ఫ్యాన్. గోడ వైపున తడి ఉంటే గోడ లోపలే నీళ్లున్నాయి.

నేను ఫాయిల్ పీకితే గోడ వైపు నీళ్లు ధారగా జారాయి. అవతలి బాత్రూమ్‌లో వేడినీళ్ల పైపు జాయింటు కారుతోంది. రెండు టైల్స్ పగలగొడితే అయిపోయే పని. కానీ అప్పటికే ఆ గోడకున్న అల్మారా వెనక చెక్క కుళ్లిపోయింది. ఆయన ఖాళీ చేసి వెళ్లిపోయారు, మూడేళ్లుగా ఒక్క రోజు ఆలస్యం లేకుండా అద్దె కట్టిన మనిషి. ఆ తర్వాత రెండు నెలలు ఇల్లు ఖాళీ.

నేల నుంచి మీటరు ఎత్తు లోపు మాత్రమే గోడ పొడవునా ఉప్పు పొంగి, పెచ్చులు ఊడుతుంటే అది పునాది నుంచి పైకి ఎక్కే చెమ్మ కావచ్చు. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా వర్షాకాలం దాటేసరికి రాలిపోతుంది. పైకప్పు నుంచి దిగే మచ్చ అయితే టెర్రస్ మీద చూడాలి.

కరెంటు విషయంలో సొంత ప్రయోగాలు వద్దు. ఒక లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. మనిషికి షాక్ తగిలినప్పుడు కరెంటు కట్ చేసేది అదే. మామూలు ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అనే చిన్న బటన్ ఉంటుంది, నొక్కగానే అది ట్రిప్ అయి కరెంటు ఆగిపోవాలి. దిగేవాళ్లకు ఆ బటన్ చూపించి అప్పుడప్పుడు నొక్కమని చెప్పండి. గ్యాస్ గీజర్ ఉంటే అది బాత్రూమ్ లోపల ఉండకూడదు. గాలి ఆడని చోట అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. పొగ అలారం ఉన్న ఇళ్లలో దాని వెనక తయారీ తేదీ చూడండి, పదేళ్లు దాటితే మార్చేయాలి.

ఇవన్నీ అయ్యాక పెయింటర్‌ని పిలవండి. గదికో రంగు పెట్టకండి. ఇల్లంతా ఒకే లేత రంగు వేయించి, ఆ కంపెనీ షేడ్ నంబరు ఫోన్‌లో రాసుకోండి. తర్వాత ఎక్కడ మరక పడ్డా ఆ గోడ ఒక్కటి వేయిస్తే సరిపోతుంది.

4. మనిషిని ఎంచుకోవడం

ఇల్లు చూడ్డానికి ఎవరూ రాకముందే మీ షరతులు ఒక కాగితం మీద రాసుకోండి. అద్దె వాళ్ల నెల ఆదాయంలో మూడో వంతు మించకూడదు, ఎంతమంది ఉంటారో చెప్పాలి, ఆదాయానికి రుజువు చూపాలి, పాత ఓనరు నంబరు ఇవ్వాలి. ఇలాంటివే. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇవే వర్తించాలి. రాసుకోవడం ఎందుకంటే, ఎదురుగా మాటకారి మనిషి కూర్చున్నప్పుడు మన షరతులు మనమే మర్చిపోతాం. పైగా కులం, మతం, పుట్టుక చూసి ఇల్లు కాదనడం చాలా దేశాల్లో చట్టప్రకారం తప్పు. అది ఎలాగూ అద్దె సరిగా కడతారో లేదో చెప్పదు.

పాత ఓనరుకు ఫోన్ చేసేటప్పుడు ఒక కిటుకు. ఇప్పుడుంటున్న ఇంటి ఓనరు వాళ్లను వదిలించుకోవాలనుకుంటే తెగ పొగుడుతాడు. అంతకు ముందటి ఇంటి ఓనరుకు ఆ అవసరం లేదు, నిజం చెబుతాడు. 'మంచివాళ్లేనా?' అని అడగకండి, అందరూ అవుననే అంటారు. 'వాళ్లు మళ్లీ వస్తే ఇస్తారా?' అని అడగండి. జవాబు కంటే ముందు వచ్చే తటపటాయింపు వినండి.

ఈ రోజే అడ్వాన్స్ ఇచ్చేస్తాం, రాత్రికే దిగిపోతాం, కాగితాలు తర్వాత చూసుకుందాం అన్నవాళ్ల దగ్గర మాత్రం ఆగండి. నిజంగా అత్యవసరం ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లకైనా కాగితాలు చూపడానికి ఒక పూట చాలు.

5. అగ్రిమెంట్‌లో ఏం ఉండాలి

అద్దె చట్టం ఊరూరికీ మారుతుంది. కాబట్టి నమూనా కాగితం ఎక్కడినుంచో తెచ్చుకున్నా ఒకసారి స్థానిక లాయరుకు చూపించండి. ఏ నమూనా అయినా అద్దె, తేదీ, గడువు, నోటీసు కాలం ఎలాగూ రాస్తారు. జనం రాయడం మర్చిపోయేవి వేరు: గోడకు డ్రిల్ చేయాలంటే అడగాలా, ఏసీ పెట్టుకుంటే వెళ్లేటప్పుడు ఆ రంధ్రం ఎవరు పూడ్చాలి, బల్బులూ కుళాయి వాషర్లూ ఎవరి ఖర్చు, మోటారు పాడైతే ఎవరిది, వేరేవాళ్లకు మళ్లీ అద్దెకివ్వచ్చా, ఏటా అద్దె ఎంత పెరుగుతుంది.

ఇంకొకటి. ఇల్లు మీదే అయినా అద్దెకిచ్చాక అది వాళ్ల ఇల్లు. ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తట్టకండి. రావాలంటే కనీసం 24 గంటల ముందు చెబుతానని మీరే రాసివ్వండి. మంటలు, పైపు పగలడం లాంటివి మినహా.

అడ్వాన్స్ మీ డబ్బు కాదు, మీ దగ్గర దాచిన డబ్బు. జర్మనీలో చట్టం దాన్ని మూడు నెలల అద్దెకు మించనివ్వదు, ఓనరు సొంత డబ్బుతో కలపనివ్వదు. మీ ఊళ్లో అలాంటి నియమం ఉన్నా లేకపోయినా విడి ఖాతాలో వేసి ఉంచండి. ఖర్చు పెట్టేసి, వాళ్లు ఖాళీ చేసే రోజున కొత్తవాళ్ల అడ్వాన్స్ కోసం ఎదురుచూసే ఓనర్లను చాలామందిని చూశాను.

బీమా మాట కూడా ఇక్కడే. మీరు ఉంటున్నప్పుడు తీసుకున్న ఇంటి పాలసీ అద్దెకిచ్చాక పనికిరాకపోవచ్చు. అద్దెకిస్తున్నామని కంపెనీకి రాసి తెలియజేయండి. ఇల్లు 30 లేదా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు డబ్బు ఇవ్వమనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, అది చదవండి.

6. తాళాలు ఇచ్చే రోజు

సామాను రాకముందు, పగటి వెలుతురులో, ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరగండి. ఫోన్‌లో వీడియో తీస్తూ నోటితో చెప్పండి: 'హాలు, కుడివైపు గోడ, కిటికీ కింద గీత ఒకటి ఉంది. వంటగది సింక్, మరకల్లేవు.' కుళాయిలు తిప్పి, గీజర్ వేసి, ఫ్యాన్లు తిప్పి చూపించండి. కరెంటు, నీళ్ల మీటర్ల రీడింగ్‌లు, తాళం చెవులు ఎన్ని ఇచ్చారు అన్నవి కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. వీడియోను అప్పుడే వాళ్లకు పంపేయండి. మీ ఫోన్‌లో మాత్రమే ఉంటే రేపు దానికి విలువ తక్కువ.

మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూపించండి. అర్ధరాత్రి పైపు పగిలితే మీకు ఫోన్ చేసి మీరు వచ్చేలోపు వాళ్లే నీళ్లు ఆపగలగాలి.

7. దిగాక

రిపేర్ల కోసం వచ్చే ఫోన్‌ను విసుగ్గా తీయకండి. ఫోన్ చేస్తే విసుక్కుంటారని తెలిస్తే వాళ్లు చేయడం మానేస్తారు, సింక్ కింద కారే నీళ్లు ఆరు నెలలు అలాగే కారతాయి. అదే రోజు 'చూశాను, ఎల్లుండి మనిషి వస్తాడు' అని ఒక్క మెసేజ్ పెడితే టెన్షన్ సగం తగ్గుతుంది.

అద్దె ఆలస్యమైతే మొదటిసారే పట్టించుకోండి. గడువు దాటిన మరుసటి రోజు మామూలు మెసేజ్, ఐదో రోజు ఫోన్, పదో రోజు రాతపూర్వకంగా. జీతం ఆలస్యమైందని ముందే చెప్పి, ఒక తేదీ ఇచ్చి, ఆ తేదీకి కట్టినవాళ్లను ఇబ్బంది పెట్టకండి. తేదీలు మారుస్తూ పోయేవాళ్ల విషయంలో నోటీసు ఆలస్యం చేయకండి. ఎంత కోపమొచ్చినా కరెంటు పీకడం, నీళ్లు కట్టేయడం, తాళం మార్చడం చేయొద్దు. చాలా చోట్ల అది నేరం, అద్దె ఎగ్గొట్టినవాళ్లు కేసు పెట్టేవాళ్లవుతారు, మీరు ముద్దాయి అవుతారు.

అద్దె డబ్బు, ఇంటి ఖర్చులు ఒక విడి ఖాతాలో నడపండి. రసీదులు ఫోటో తీసి పెట్టుకోండి. పన్ను లెక్కలప్పుడు ఇవి బాగా పనికొస్తాయి.

గడువు ముగియడానికి రెండు నెలల ముందు ఉంటారా వెళ్తారా అని అడగండి. ఉండేవాళ్లైతే, పెంచే ముందు రెండో అడుగులోని లెక్క మళ్లీ వేయండి. వాళ్లు వెళ్తే ఒక నెల ఖాళీ, రంగులు, కమీషన్ కలిపి మూడు నెలల అద్దె దాకా పోవచ్చు. సరిగా కట్టే మనిషికి కాస్త తక్కువ పెంచి, ఆ పాత గీజర్ మార్చి ఇవ్వడం ఎప్పుడూ లాభమే.

8. ఖాళీ చేసే రోజు

మొదటి రోజు వీడియో, కాగితం తీసుకుని మళ్లీ ఇల్లంతా తిరగండి. వాడకంతో వచ్చే అరుగుదలకు డబ్బు కోయకూడదు. రంగు వెలిసిపోవడం, తలుపు హ్యాండిల్ వదులవడం అలాంటివే. పగిలిన అద్దం, కాలిన ప్లాట్‌ఫామ్ నష్టం కిందికి వస్తాయి. అక్కడ కూడా కొత్తదాని ధర మొత్తం అడగకండి. గోడ రంగు ఐదేళ్లు నిలుస్తుందనుకుంటే, మూడేళ్లున్నాక గోడంతా పిల్లలు గీసేసినా మీకు రావాల్సింది మిగిలిన రెండేళ్ల వంతు, అంటే ఖర్చులో ఐదింట రెండు వంతులు. ఈ లెక్క కాగితం మీద వేసి, బిల్లు జతచేసి ఇస్తే దాదాపు ఎవరూ పేచీ పెట్టరు.

మీటర్ రీడింగ్‌లు రాసుకుని, తాళం చెవులు లెక్కపెట్టుకుని, మిగిలిన అడ్వాన్స్ చెప్పిన తేదీకి పంపేయండి. తర్వాత మెయిన్ డోర్ తాళం మార్చండి. ఇచ్చిన చెవులన్నీ తిరిగొచ్చినా సరే, ఎన్ని నకళ్లు తీయించారో మీకు తెలియదు. మరుసటి రోజు పొద్దున నీటి మీటర్ ఫోటో తీసి, మూడో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.